ఏడో వాయిదా

బస్ డిపో కూల్చేశాక మిగిలిన నాలుగెకరాలు
నగరానివి. అంటే అందరివీ.
అంటే, ఇన్నేళ్ళుగా, మంచువి.

సస్కాచెవాన్ చలికాలమంతా వీధులు గోకి తెచ్చి
లారీలు అక్కడే కుమ్మరిస్తాయి.
జనవరికల్లా మూడంతస్తుల ఎత్తు.
లోపల ఏముందో ఎవరికీ తెలీదు.
చేతితొడుగులు, సైకిల్ చక్రం,
ఒక ఏడు ఎవరివో కట్టుడు పళ్ళు.
ఆఖరి ముద్ద ఏ రోజు మాయమవుతుందోనని
హల్యా కాఫీ కొట్లో తలా రెండు డాలర్ల పందెం.
పోయినేడు నేనే గెలిచాను. జూన్ తొమ్మిది.

ఆ నేల మీద ఇప్పుడు
పద్దెనిమిది వేల కుర్చీల హాకీ స్టేడియం కడతారట.
"అట" అని నేను రాయకూడదు.
కౌన్సిల్ మినిట్స్ రాసేదాన్ని.
పంతొమ్మిదేళ్ళుగా ఎవరేమన్నదీ రాస్తాను,
ఎలా అన్నదీ రాయను.

నమూనా తెచ్చి బల్ల మీద పెట్టారు.
గాజు కప్పు, అగ్గిపుల్లలంత చెట్లు,
చెట్ల కింద గోరంత మనుషులు.
ఒక్కరికీ కోటు లేదు.
మా ఊళ్ళో, కోటు లేకుండా!
గోడా లేదు, గుంతా లేదు,
పేరు మాత్రం బీమా కంపెనీకి అమ్ముడైపోయింది.

ఒరెస్ట్ పలామర్చుక్ లేచాడు,
ముప్పై ఒక్కేళ్ళు బస్సు నడిపినవాడు.
మూడు నిమిషాల గడియారం మొదలైంది.
"ఆ నేల కింద మా డీజిలుంది. తవ్వండి, మీకే తెలుస్తుంది."
తర్వాత చెప్పాల్సింది మరిచిపోయి
టోపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ
మిగిలిన రెండు నిమిషాలూ అలాగే నిలబడ్డాడు.
మినిట్స్‌లో: శ్రీ పలామర్చుక్, కాలుష్యం గురించి.

ఆ వెనక షేలిన్ బేర్డీ. పదిహేనేళ్ళు. గోల్‌కీపర్.
భుజాన తనకన్నా పెద్ద సంచి.
పొద్దున్న ఐదింటికి గంటసేపు ఐసు దొరికితే
అదే అదృష్టం తన జట్టుకి.
"కొత్తదాంట్లో మాకూ ఒక గంట ఇస్తారా?"
టీమ్ యజమాని లాయరు నవ్వాడు, ముద్దుగానే.
"తప్పకుండా పరిశీలిస్తాం."
"తప్పకుండా" రాశాను. "పరిశీలిస్తాం" రాశాను.
ఆ రెండు మాటల నడుమ సందులో
నాలుగెకరాలూ పడతాయి.

డబ్బెవరిదంటే గుండ్రటి బొమ్మ గీసి చూపించారు,
సగం వాళ్ళది, సగం మనది.
నష్టమొస్తే ఎవరిదన్నది
తర్వాతి పేజీలో ఉందన్నారు.
తర్వాతి పేజీలో "ధన్యవాదాలు" అని ఉంది.

నన్నడిగితే?
అడగరు. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖమే అది.
చిన్నప్పుడు పాత స్టేడియంలో
నాన్న భుజాల మీద కూర్చుని చూసిన ఆటలో
గోల్ గుర్తులేదు.
ఆయన అరుపు నా మోకాళ్ళలోంచి పైకెక్కడం గుర్తుంది.
అంత గొంతుందని ఇంట్లో ఎవరికీ తెలీదు.
అలాంటి చోటొకటి ఊరికి ఉండాలనిపిస్తుంది.
మర్నాడు, పద్నాలుగో నంబరు బస్సు రద్దు
అన్న కాగితం స్టాపులో చూసి
ఏమీ అక్కర్లేదనిపిస్తుంది.
బుధవారం ఒకలా. శుక్రవారం ఇంకోలా.

పదకొండున్నరకి మేయరు సుత్తి కొట్టింది.
సెప్టెంబరుకి వాయిదా. ఇది ఏడోది.
కుర్చీలు మడిచే చప్పుడులో
అనుకూలమూ ప్రతికూలమూ ఒకేలా ఆవలించారు.

ఇంటికి ఆ నేల పక్కనించే దారి.
మార్చిలో సర్వేవాళ్ళు మంచులోనే గూటాలు దిగ్గొట్టారు,
నారింజ రిబ్బన్లు కట్టి.
మే నెల. కుప్ప దిగుతోంది,
గూటాలు తాగినవాళ్ళలా తూలుతున్నాయి.
మైదానం నడిమధ్యకి గుర్తుగా పెట్టింది
తాకట్టు కొట్టు వైపు వాలింది.

ఒరెస్ట్ అక్కడే సిగరెట్ కాలుస్తున్నాడు.
"ఓటుంటే ఎటు వేద్దువు?"
"మీరు?"
"హాకీ అంటే ప్రాణం నాకు" అన్నాడు, కోపంగా.

కుప్పలో ఎక్కడో నీళ్ళు కదిలాయి.
ఒక గూటం పడింది. ఇద్దరం అటు చూశాం.
జేబు తడిమి రెండు డాలర్ల నాణెం తీసి
నా చేతిలో పెట్టాడు.
"జూన్ ఇరవై ఒకటి. రాసుకో."

వీధిదీపం కింద,
వాయిదా నోటీసు వెనకాల,
రాసుకున్నాను.